పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది

పోయిన నెల మా అక్క కొడుకు సెలవులకి వస్తే సినిమాకి తీసుకెళ్ళా. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. సినిమా పేరు చెప్పను, ఎందుకంటే ఆ సీను ఆ ఒక్క సినిమాలోది కాదు, నేను లాగు వేసుకున్న రోజుల నుంచీ చూస్తున్నదే. హీరో పక్కన ఒక కమెడియన్ ఉంటాడు, వాడి మీద ఇంకో మగాడు మనసు పడతాడు, చేతులు తిప్పుకుంటూ నడుం ఊపుకుంటూ వెంటపడతాడు, కమెడియన్ ప్యాంటు గట్టిగా పట్టుకుని పరిగెడతాడు. హాలంతా ఒకటే నవ్వు. మావాడూ పగలబడి నవ్వాడు. ఇంటర్వెల్లో పాప్‌కార్న్ కోసం లైన్లో నిలబడ్డప్పుడు "మామయ్యా, మా క్లాసులో కూడా ఒకడున్నాడు, తేడా గాడు, వాణ్ణి కూడా ఇలాగే ఏడిపిస్తాం" అన్నాడు. క్రికెట్ స్కోరు చెప్పినంత మామూలుగా చెప్పాడు. వాడిలో విషం ఏమీ లేదు, అందరూ నవ్వేదానికి తనూ నవ్వాడు అంతే. నాకు మాత్రం సెకండాఫ్ ఏం చూశానో గుర్తు లేదు.

ఎందుకంటే ఆ "ఒకడు" మా హాస్టల్లో కూడా ఉండేవాడు. ఇంజనీరింగ్ ఫస్టియర్. టీవీ రూములో ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసలో సీనియర్లు, వెనక గోడకానుకుని మేం. ఇలాంటి సీనే టీవీలో వస్తే ముప్పై తలకాయలు ఒకేసారి వాడి వైపు తిరిగేవి, ఎవరూ చెప్పుకోకుండానే. వాడు కూడా నవ్వేవాడు. అది నాకు ఇప్పటికీ గుర్తుంది, అందరం ఆపేసిన తర్వాత కూడా వాడు ఇంకాసేపు నవ్వేవాడు. స్టీలు గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, గ్లాసులోకి చూస్తూ. వాణ్ణి పాయింట్ ఫైవ్ అని పిలిచేవాళ్ళం, నేనూ పిలిచాను. సెకండియర్‌కి వాడు హాస్టల్ ఖాళీ చేసి బయట రూం తీసుకున్నాడు, ఎందుకు వెళ్ళాడని మాలో ఒక్కడం కూడా అడగలేదు. అడగకుండా ఉండటానికి కారణం తెలియకపోవడం కాదు, తెలియడమే.

అందుకే "సినిమాని సినిమాలా చూడాలి, నవ్వేసి వదిలేయాలి" అని ఎవరైనా అంటే నాకు మండుతుంది. నవ్వేసి వదిలేసినవాళ్ళం మేం, ఆ నవ్వు మోసుకుని వెళ్ళినవాడు వాడు.

ఆడవేషం మనకి నవ్వులాట ఎప్పుడైంది

మగాడిలో ఆడతనం కనిపిస్తే నవ్వడం మన సంస్కృతి అని కొందరంటారు, ఆ మాట ముందు తేల్చుకోవాలి. స్థానం నరసింహారావు సత్యభామగా రంగస్థలం మీదకి వస్తే జనం నవ్వలేదు, చేతులెత్తి మొక్కినంత పని చేశారు, 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ భామాకలాపం సంగతి తెలుగువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అక్కినేని నాటకాల్లో ఆడవేషాలతోనే మొదలయ్యారు. 1963లో నర్తనశాలలో ఎన్టీఆర్ బృహన్నల వేస్తే ఏ ఊళ్ళో ఎవరు నవ్వారు? ఇవేవీ గే పాత్రలు కావు, ఆ సంగతి నాకు తెలుసు, ఆడవేషం వేరు, మగాణ్ణి ఇష్టపడటం వేరు, హిజ్రాలు ట్రాన్స్ మనుషులు వేరు. మన సినిమాయే ఈ మూడిటినీ ఒకే గోనెసంచిలో వేసి మూతి కట్టి "కామెడీ" అని రాసిపెట్టింది. నేను చెప్పేది ఒక్కటే, ఒక మగాడు సుకుమారంగా నడిస్తే చూసి ఆనందించే చూపు మనకి ఉండేది. ఆ తర్వాతెప్పుడో దాన్ని పోగొట్టుకున్నాం.

మాట కూడా మన దగ్గర సరైనది లేదు. పేపర్లు చూడండి, "స్వలింగ సంపర్కులు" అని రాస్తాయి. ఎవరి గురించి రాసినా సరే, కోర్టుకెళ్ళిన వాళ్ళయినా, ఇరవై ఏళ్ళుగా కలిసి బతుకుతున్నవాళ్ళయినా, అదే మాట. మిగతావాళ్ళని ఎవరూ పరలింగ సంపర్కులు అని రాయరు కదా, వాళ్ళకి ప్రేమలు, పెళ్ళిళ్ళు, కాపురాలు ఉంటాయి. వీళ్ళకి మాత్రం సంపర్కం ఒక్కటే. ఇక వాడుకలో తేడా, ఆడంగి, పాయింట్ ఫైవ్, అంతకంటే ఘోరమైనవి. పిలవడానికే మర్యాదైన మాట లేని మనిషికి పాత్ర ఎలా రాస్తారు మన రైటర్లు అనిపిస్తుంది ఒక్కోసారి.

మనవాళ్ళు తీసినవి

తెలుగులో అసలు తీయలేదు అనడం తప్పు. 2018 ఫిబ్రవరిలో ప్రశాంత్ వర్మ తీసిన అ! అనే సినిమా వచ్చింది, నాని నిర్మాత. స్వలింగ సంబంధాలు నేరం కాదంటూ సెక్షన్ 377 మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అదే ఏడాది సెప్టెంబరు 6న వచ్చింది, అంటే తీర్పుకి ఏడు నెలల ముందే మన తెలుగు తెర మీద ఒక అమ్మాయి తన అమ్మానాన్నల్ని రెస్టారెంట్‌కి పిలిచి నేను ఇష్టపడింది ఈ అమ్మాయిని అని చెప్పింది. నిత్యా మీనన్, ఈషా రెబ్బ. ఆ సీన్లు నాకు నిజంగా నచ్చాయి, ఎక్కడా వాళ్ళని చూసి నవ్వమని చెప్పదు సినిమా. కానీ చివరికి ఏం తేలుతుంది, ఆ ఇద్దరూ, మిగతా అందరూ, ఒకే అమ్మాయి దెబ్బతిన్న మనసులో ఉండే మనుషులు అని. కథగా అది పెద్ద మలుపు, ఒప్పుకుంటా, ఆ సినిమాలో అందరికీ అదే గతి కాబట్టి ప్రత్యేకంగా ఈ జంటని తక్కువ చేశారనీ అనను. అయినా ఇంటికొచ్చాక ఏదో వెలితి, అంత మంచి జంటకి చివరికి ఒక ఇల్లు కూడా మిగల్లేదే అని.

2023 జనవరి 26న హంట్ వచ్చింది, సుధీర్ బాబు. మలయాళంలో 2013లో పృథ్వీరాజ్ చేసిన ముంబై పోలీస్‌కి రీమేక్. "తెలుగు హీరో ఎవడూ గే పాత్ర చేయడు" అని నేను ఒకసారి ఆఫీసు లంచ్‌లో అంటే ఒకతను వెంటనే హంట్ పేరు చెప్పి నా నోరు మూయించాడు. నిజమే, చేశాడు, ఆ ధైర్యానికి దండం పెట్టాల్సిందే. కానీ ఆ కథలో గే అనేది ఒక మనిషి బతుకు కాదు, క్లైమాక్స్ దాకా దాచిపెట్టిన ట్విస్టు. ఆ రహస్యం బయటపడుతుందని స్నేహితుణ్ణి చంపడం. అంటే ఆ విషయం ప్రేక్షకుడికి షాక్‌గా తగలాలి, తగలకపోతే సినిమాయే లేదు. మలయాళంలో మొదట రాసుకున్నప్పుడూ అదే లోపం.

2022లో రామ్ గోపాల్ వర్మ ఇద్దరు అమ్మాయిల ప్రేమ అని ఒకటి తీశారు, పీవీఆర్, ఐనాక్స్ దాన్ని ప్రదర్శించబోమన్నాయి. థియేటర్లు అలా ఆపడం నాకు నచ్చలేదు, అలాగని పోస్టర్లు చూస్తే ఆ సినిమా ఎవరి కళ్ళ కోసం తీశారో అర్థమవుతుంది, దాని గురించి ఇంతకన్నా రాయాలని లేదు.

లెక్కేస్తే మనకి దొరికినవి ఇవి. ఒకరి మనసులో, ఒక హత్య వెనక, ఒక పోస్టరు మీద. ఇక మిగిలినదంతా ప్యాంటు పట్టుకుని పరిగెత్తడం. ఎక్కడా ఇంట్లో లేరు. అమ్మ, నాన్న, మేనత్త, పెళ్ళిచూపులు, గృహప్రవేశం, ఆదివారం చికెన్ కూర, ఇవి ఉండే చోట వాళ్ళు లేరు. టీవీ సీరియళ్ళ సంగతి సరేసరి, వెయ్యి ఎపిసోడ్లు ఒకే కుటుంబం చుట్టూ తిప్పుతారు, ఆ వంద మంది బంధువుల్లో ఒక్కరంటే ఒక్కరు ఇలాంటివాళ్ళు నా కంటపడలేదు.

ఆదివారం మధ్యాహ్నం, అమ్మతో

కాథల్: ది కోర్ అనే మలయాళం సినిమా నేను అంతకుముందే చూశాను. మేనల్లుడి మాట విన్న తర్వాత ఆదివారం మళ్ళీ పెట్టా, ఈసారి అమ్మ ఇంట్లో ఉంది. పెట్టేటప్పుడు కాస్త భయపడ్డాననే చెప్పాలి. మమ్ముట్టి, జ్యోతిక అనగానే అమ్మ చిక్కుడుకాయల గిన్నె తెచ్చుకుని కూర్చుంది. సబ్‌టైటిల్స్ తను చదవలేదు కాబట్టి మధ్యమధ్యలో నేను చెప్పాలి. జ్యోతిక చేసిన ఓమన, తన భర్త మాథ్యూని, అంటే మమ్ముట్టిని, విడాకులు ఎందుకు అడిగిందో చెప్పాల్సిన చోటికి వచ్చేసరికి నాకు మాట రాలేదు. గే అంటే అమ్మకి తెలీదు, పేపర్లో మాట నోటితో అనలేను. చివరికి "ఆయనకి ఆడవాళ్ళ మీద మనసు పోదమ్మా, ఆ డ్రైవింగ్ స్కూల్ అతనంటే ఇష్టం" అన్నా. అమ్మ చిక్కుడుకాయ ఈనె తీస్తూ "అయితే పెళ్ళెందుకు చేశారు?" అంది.

అంతే. ఒక్క ప్రశ్న. వీడేంటి, ఛీ, ఇవన్నీ ఏం సినిమాలు, ఇవేవీ అనలేదు. కథ ముడి ఎక్కడుందో నేరుగా అక్కడికే వెళ్ళింది. ఇరవై ఏళ్ళ కాపురంలో నాలుగే నాలుగు సార్లు అని ఓమన కోర్టులో చెప్పినప్పుడు అమ్మ చేతిలో పని ఆగింది. మాథ్యూ తండ్రి బోనెక్కి నాకు ముందే తెలుసు, పెళ్ళి చేస్తే మారతాడనుకున్నా అన్నప్పుడు, "అనుకుంటారు, అందరూ అదే అనుకుంటారు" అంది.

రాత్రి భోజనాలయ్యాక తనే మొదలెట్టింది. వాళ్ళ ఊళ్ళో, పక్కింట్లో, ఒకావిడ ఉండేదట, అమ్మని వదినా అని పిలిచేది. పెళ్ళై పదిహేనేళ్ళయినా పిల్లల్లేరు, గొడ్రాలని ఊరంతా అనేవాళ్ళు, నోములు, వ్రతాలు, తాయెత్తులు. ఒకరోజు బోరింగు దగ్గర బిందె కిందపెట్టి, "మా మంచం మధ్యలో దిండు ఉంటుంది వదినా, పెళ్ళైన వారం నుంచీ ఉంది" అందట. భర్త మంచివాడు, కొట్టడు, తాగడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. సాయంత్రమైతే స్నేహితుడి కొట్టు దగ్గర కూర్చుంటాడు. అమ్మ ఈ మాట నాన్నకి కూడా చెప్పలేదట నలభై ఏళ్ళుగా. "ఆ స్నేహితుడూ పెళ్ళి చేసుకున్నాడు, వాళ్ళావిడ పరిస్థితేంటో మరి" అని లైటు ఆపేసింది.

ఆయన నిజంగా అలాంటివాడేనా కాదా, నాకు తెలీదు, అమ్మకీ తెలీదు, దిండు వెనక వంద కారణాలు ఉండొచ్చు. కానీ అమ్మకి ఆ సినిమా కేరళ కథలా అనిపించలేదు, బోరింగు దగ్గర సగంలో ఆగిపోయిన మాటకి మిగతా సగం లాగా అనిపించింది.

నేను చెప్పదల్చుకున్నది ఇదే. గే కథ మనకి కొత్త, పరాయి, ఫారిన్ నుంచి ఓటీటీ మీదుగా దిగింది అనేవాళ్ళు మన ఫ్యామిలీ సినిమా దేని మీద బతుకుతోందో మర్చిపోతున్నారు. మన తెలుగు ఫ్యామిలీ సినిమాకి ముడి పెళ్ళి. తండ్రి మాట, కొడుకు మనసు, మధ్యలో పరువు, చూపుల్లో కూర్చున్న అమ్మాయి. దీన్నే వెయ్యి రకాలుగా తీశారు, దీనికే ఏడ్చాం, దీనికే ఈలలేశాం. "పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుంది" అనే మాట తాగుబోతుకీ అన్నాం, తిరుగుబోతుకీ అన్నాం, పిచ్చివాడికీ అన్నాం, ఆడవాళ్ళ మీద మనసు లేనివాడికీ అన్నాం. మొదటి ముగ్గురి మీద సినిమాలొచ్చాయి. నాలుగోవాడి కథ ఆ మూడిటికంటే బలమైన ఫ్యామిలీ డ్రామా, ఎందుకంటే అందులో విలన్ లేడు.

నాతో ఒప్పుకోని మనిషి

ఇదంతా మా ఆఫీసులో ఒక స్నేహితుడితో అన్నాను. తను గే, కొంతమందికే తెలుసు. నేను చాలా ఉత్సాహంగా చెప్పుకుపోతున్నా, జ్యోతిక గురించి, అమ్మ గురించి. తను చివరిదాకా విని, "అంటే మా కథ మీకు అర్థం కావాలంటే మధ్యలో ఒక ఆడమనిషి ఏడవాలన్నమాట" అన్నాడు.

నాకు దెబ్బ తగిలింది. ఇంకా తగులుతూనే ఉంది. తను అన్నది కాథల్ మీద చాలామందికి ఉన్న ఫిర్యాదే. మాథ్యూ, ఆ డ్రైవింగ్ స్కూల్ తంకన్ ఒక చోట కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకోరు. దూరం నుంచి చూపులు, వానలో నిలబడటం, అంతే. కాథల్ అంటేనే ప్రేమ, టైటిల్లో ప్రేమ ఉంది, తెర మీద ఆ ప్రేమ ఎంతసేపు ఉంది? 1998లో మన దేశంలో దీపా మెహతా సినిమా ఫైర్ విడుదలైతే ముంబైలో థియేటర్లు పగలగొట్టారు, సినిమా మళ్ళీ సెన్సారుకి వెళ్ళి 1999లో ఒక్క కట్ లేకుండా తిరిగొచ్చింది, అందులో ఇద్దరు ఆడవాళ్ళు ఒకరినొకరు ముట్టుకున్నారు, మాట్లాడుకున్నారు. పాతికేళ్ళ తర్వాత వచ్చిన సినిమా చెయ్యి కూడా పట్టుకోనివ్వలేదు అని తను అంటే నేనేం చెప్పను? ఆ వయసు, ఆ ఊరు, ఆ చర్చి మధ్య బతికిన ఇద్దరు మగాళ్ళు నిజంగానే అలా దూరం నుంచే చూసుకుని ఉంటారు, ఆ మౌనం అబద్ధం కాదు అని నా వాదన. "నిజమే, కానీ ఎప్పుడూ మౌనంగా ఉన్నవాళ్ళ కథే ఎందుకు ఎంచుకుంటారు" అని తన వాదన. దీనికి నా దగ్గర జవాబు లేదు.

తనకి నచ్చింది మేడ్ ఇన్ హెవెన్. 2019లో వచ్చిన సిరీస్, అర్జున్ మాథుర్ చేసిన కరణ్ అనే గే పాత్ర, మరుసటి ఏడాది ఇంటర్నేషనల్ ఎమ్మీకి నామినేట్ కూడా అయ్యాడు. అందులో ఇంటి ఓనరు దొంగచాటుగా కెమెరా పెట్టి చూడటం, పోలీసులు రావడం. "నా భయం అది, ఓనరు" అన్నాడు. హైదరాబాదులో టూలెట్ బోర్డు కింద "ఫ్యామిలీస్ ఓన్లీ" అని ఉంటుంది కదా, ముప్పై ఎనిమిదేళ్ళ మగాళ్ళిద్దరు ఇల్లు అడిగితే ఎన్ని అబద్ధాలు చెప్పాలో చెప్పుకొచ్చాడు. కజిన్స్ అని ఒక చోట, ఒకే కంపెనీ అని ఇంకో చోట, పెళ్ళిళ్ళు సెట్ అవుతున్నాయి త్వరలో ఖాళీ చేస్తాం అని మరో చోట. ఒక ఇంట్లో ఓనరు చూస్తుందని రెండో బెడ్రూములో రోజూ పొద్దున్నే పక్క నలిపి పెట్టేవాళ్ళట, ఎవరో పడుకుని లేచినట్టు. తనకి కావాల్సిన సినిమాలో ఎవరూ ఎవరికీ ఏమీ ఒప్పుకోవాల్సిన పని ఉండదట, ఇద్దరు రైతుబజారుకెళ్తారు, కరెంటు బిల్లు ఎందుకు ఇంతొచ్చిందని పోట్లాడుకుంటారు, సినిమా అయిపోతుంది.

నేను వెంటనే ఒప్పుకున్నాను, కానీ నా మాట వదులుకోలేకపోయాను. తనకి కావాల్సింది తన సినిమా. నేను మాట్లాడేది మా అమ్మకి, మా అక్కకి, ఆ తొమ్మిదో తరగతి పిల్లాడికి కావాల్సిన సినిమా గురించి. రెండూ ఒకటి కావాలని లేదు. తను కోరే సినిమా ముందు రావాలి అనడానికి తనకి పూర్తి హక్కుంది, అది నేను కాదనలేను. నాకు భయం ఏంటంటే, ఈ పెళ్ళి సంగతి తేల్చకపోతే ఇంకో ఓమనకి పెళ్ళి ముహూర్తం పెట్టేస్తారు, ఇప్పుడే, ఈ మాఘమాసానికే.

స్టార్ల మాట

మన హీరోలు చేయరండీ, ఇమేజ్ దెబ్బతింటుంది, బయ్యర్లు ఊరుకోరు, ఇది చాలా వినిపించే మాట. పూర్తిగా కొట్టిపారేయను. మలయాళం సినిమా బడ్జెట్ వేరు, మన లెక్కలు వేరు, రెండు వందల కోట్ల సినిమాలో ఎవడూ ప్రయోగం చేయడు. అక్కడ కూడా ఇది ఆకాశం నుంచి ఊడిపడలేదు, 1978లో రండు పెణ్‌కుట్టికళ్ వచ్చింది, 1986లో పద్మరాజన్ దేశాటనక్కిళి కరయారిల్లా తీశారు, 2019లో మూత్తోన్ వచ్చింది, అలా మెట్టు మెట్టుగా ఎక్కారు. అయినా సరే, మమ్ముట్టి ఆ పాత్ర చేసేటప్పటికి డెబ్బై దాటారు, సొంత కంపెనీ డబ్బు పెట్టారు. ఖతార్, కువైట్‌లలో సినిమా ఆగింది, మలయాళం సినిమాకి గల్ఫ్ అంటే మనకి అమెరికా ప్రీమియర్ల లాంటిది, అది తెలిసే చేశారు. తర్వాతి ఏడాది కేరళ ప్రభుత్వం ఉత్తమ చిత్రం అవార్డిచ్చింది. వందల సినిమాలు చేసి సంపాదించిన పరువుని ఆయన మాథ్యూ అనే ఒక పంచాయతీ వార్డు అభ్యర్థి పాత్రకి అప్పుగా ఇచ్చారు, అందుకే మా అమ్మ ఛానల్ మార్చమనలేదు. కొత్త కుర్రాడు చేసుంటే మార్చమనేదేమో.

పెద్దరికం పాత్రలకి వచ్చేసిన హీరోలు మనకీ ఉన్నారు. డబ్బుకీ పేరుకీ లోటు లేదు. ఒక్కరు చాలు.

ఇంకో సంగతి, చాలామంది గుర్తుపెట్టుకోలేదు. ఇద్దరు మగవాళ్ళ పెళ్ళికి చట్టబద్ధత కావాలని సుప్రీంకోర్టుకి వెళ్ళిన మొదటి పిటిషనర్లు సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాద్ జంట. 2021 డిసెంబరులో ఇక్కడే కుటుంబాల మధ్య వేడుక చేసుకున్నారు. ఆ కేసుకి పేరే సుప్రియో. 2023 అక్టోబరు 17న కోర్టు కుదరదంది, నెల తిరిగి వారం గడిచేలోపు, నవంబరు 23న, కాథల్ విడుదలైంది. దేశమంతా మాట్లాడుకున్న ఆ కథ మొదలైంది మన ఊళ్ళో. సినిమా కథ మాత్రం కేరళలోని తీకోయిలో జరిగింది. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

మేనల్లుడితో నేనింకా సరిగ్గా మాట్లాడలేదు. వెళ్ళే రోజు బస్టాండులో "మీ క్లాసులో ఆ అబ్బాయి పేరేంటిరా" అని అడిగా. కాసేపు ఆలోచించాడు. పేరు చెప్పాడు, నిక్‌నేమ్ కాకుండా అసలు పేరు. "లెక్కలు బాగా చేస్తాడు" అన్నాడు తర్వాత.

అమ్మ నిన్న ఫోన్ చేసింది. అపార్ట్‌మెంట్ కింద సాయంత్రం కూర్చునే ఆడవాళ్ళకి సినిమా మొత్తం చెప్పిందట, మొదటి నుంచి చివరిదాకా. గే అనే మాట రాకుండానే చెప్పుంటుంది, ఆ మాట తనకి ఇంకా రాదు. గొడవంతా తండ్రి దగ్గర వచ్చిందట. కొడుకు బాగుపడతాడనే కదా చేశాడు, ముసలాయన్ని కోర్టులో నిలబెట్టడమేంటి అని ఒకావిడ. ఆడపిల్ల బతుకు ఇరవై ఏళ్ళు పోయాక నిలబెట్టక ఏం చేస్తారని ఇంకొకావిడ. మూడో ఫ్లోర్ ఆవిడ మాత్రం ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయిందట, ఎందుకో అమ్మకి అర్థం కాలేదంది. "రేపు పాలు తెచ్చుకోడానికి వస్తుందిగా, అడుగుతా" అంది.